ఇష్టం లేని నడక ఎన్నాళ్ళు?

గడచిన కార్తీకమాసంలో ఒకనాటి సాయంకాలం కొత్తపేటలోని నా వైద్యశాలకు డెబ్భై రెండేళ్ళ పెద్దమనిషి ఒకరు సతీసమేతంగా వచ్చారు. ఉన్నత పాఠశాలలో సంస్కృతాంధ్రాలు బోధించి పదవీ విరమణ చేసినవారు. మోకాళ్ళ నొప్పులు, మలబద్ధకం, రాత్రివేళ నిద్ర పట్టకపోవడం ఆయన బాధలు. నాడి చూశాను, నాలుక చూశాను, దినచర్య అడిగాను. ఉదయం కాఫీ, పత్రికా పఠనం, భోజనం, పడక, టీవీ, మరల భోజనం, మరల పడక. "కొంచెం నడుస్తున్నారా?" అని అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి, "వైద్యులవారూ! వృద్ధులు వ్యాయామం మానవలెనని మీ వాగ్భటుడే వ్రాశాడు కదా. శాస్త్రం వద్దన్న పనిని మీరు చేయమనడం న్యాయమేనా?" అన్నారు. ప్రక్కనే కూర్చున్న ఆయన భార్య ఊరుకోలేదు. "ఇంట్లోనూ ఇదే శ్లోకమండీ. ఆ ఒక్క శ్లోకం బాగా జ్ఞాపకముంటుంది. తెమ్మన్న కరివేపాకు మాత్రం జ్ఞాపకముండదు" అన్నారు.

ముగ్గురమూ నవ్వుకున్నాము. అయితే మాస్టారు చెప్పినది అబద్ధం కాదు. అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు వ్యాయామాన్ని విడిచిపెట్టాలని స్పష్టంగానే ఉన్నది. అదొక్కటే చదివి గ్రంథం మూసివేస్తే మాస్టారే గెలిచినట్లు. కాని వ్యాయామమనే మాటకు ఆ కాలపు వైద్యులు ఇచ్చిన అర్థం వేరు. అది ఒళ్ళు అలసి చెమట పట్టేదాకా చేసే శ్రమ. చేసిన తరువాత అవయవాలన్నీ మర్దన చేయించుకోవలసినంత శ్రమ. బలవంతులైనవారు, నెయ్యీ నూనే పుష్కలంగా భుజించేవారు సైతం దానిని సగం శక్తికి మించి చేయరాదని అదే అధ్యాయం చెబుతున్నది. అటువంటి శ్రమ డెబ్భై ఏళ్ళ దేహానికి తగదనడంలో ఆశ్చర్యమేమున్నది?

నడక సంగతి అది కాదు. సుశ్రుతుడు చికిత్సాస్థానం ఇరవై నాలుగవ అధ్యాయంలో వ్యాయామాన్ని ఒకచోట చెప్పి, చంక్రమణాన్ని మరొకచోట వేరుగా చెప్పాడు. చంక్రమణమంటే శరీరాన్ని బాధించకుండా అటూ ఇటూ తిరిగే నడక. అది ఆయువునూ, బలాన్నీ, మేధనూ, జఠరాగ్నినీ వృద్ధి చేస్తుందని ఆయన అభిప్రాయం. ఆ ప్రక్కనే, దూరప్రయాణాల నడక మనిషిని కృశింపజేస్తుందని కూడా హెచ్చరించాడు. నడక ఒక్కటే. కొలత మారితే ఫలం మారుతుంది.

పైగా వృద్ధుడెవరన్న ప్రశ్న ఒకటున్నది. చరకుడు అరవై దాటినవారిని ఆ కోవలో చేర్చాడు; సుశ్రుతుడు డెబ్భై వరకు నడివయస్సే అన్నాడు. నాకిప్పుడు అరవై ఏడు. ఒకరి లెక్కన వృద్ధుణ్ణి, మరొకరి లెక్కన మధ్యవయస్కుణ్ణి. ఈ విషయంలో నేనెవరి పక్షమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇదంతా మాస్టారికి విన్నవించాను. ఆయన శ్రద్ధగా విని, కొంతసేపు మౌనంగా ఉండి, "శాస్త్రం బోధపడింది. కాని మనసు రావడం లేదండీ" అన్నారు. ఈ వ్యాసం ఆ చివరి మాటను గురించి.

నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న నా వృత్తి జీవితంలో నడవమని ఎన్ని వేలమందికి చెప్పి ఉంటానో నాకే తెలియదు. నడవాలని తెలియక నడవనివారు బహు తక్కువ. చదువుకున్న ఇళ్ళలో అయితే ఒక్కరూ ఉండరు. పత్రికలు చెప్పాయి, టీవీలు చెప్పాయి, అమెరికా నుంచి అబ్బాయి చెప్పాడు, క్రింది అంతస్తులోని రిటైర్డు ఇంజనీరుగారు చెప్పారు. తెలిసిన మాటనే నేనూ మరొకసారి చెప్పి, దానికి రుసుము కూడా పుచ్చుకుంటున్నానన్నమాట! మనసు రానివారికి మనసెలా వస్తుందన్న ప్రశ్నను చాలాకాలం నేను పట్టించుకోలేదు. అందుకు నాకు తెలిసిన ఉపాయం ఒకటే ఉండేది: భయపెట్టడం.

2022 మే నెలలో ఆ ఉపాయం ఎంత చెడ్డదో నాకు తెలిసివచ్చింది. అరవై ఆరేళ్ళ వ్యక్తి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, పన్నెండేళ్ళుగా మధుమేహంతో ఉన్నవారు నా దగ్గరకు వచ్చారు. మూడు పర్యాయాలు నడవమని చెప్పినా నడవలేదు. నాలుగవసారి విసుగుపుట్టి, "ఇలాగే కూర్చోండి. ఒకనాడు కాళ్ళు తీసివేయవలసి వస్తుంది. అప్పుడు నడవాలన్నా నడవలేరు" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. నా మందు పనిచేసిందని లోలోపల సంతోషించాను.

మరునాటి నుంచి ఆయన ప్రొద్దున గంట, సాయంత్రం గంట నడవసాగారు. చేతిలోని ఫోను రోజుకు పదివేల అడుగులు చూపేదాకా ఇంటికి చేరేవారు కాదు. (ఈ పదివేల సంఖ్య ఏ వైద్యుడూ లెక్కగట్టి చెప్పినది కాదు. 1965లో జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కించే యంత్రాన్ని అమ్మకానికి పెడుతూ దానికి ‘పదివేల అడుగుల కొలమానం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ పేరే ప్రపంచమంతా పాకింది.) మూడవ వారంలో ఒకనాడు, అడుగుల లెక్క తక్కువైందని తొమ్మిది గంటల ఎండలో మరల బయలుదేరారు. మధుమేహపు మాత్ర వేసుకున్నారు, ఫలహారం చేయలేదు. కళ్ళు తిరిగి రోడ్డు అంచున పడిపోయారు. తుంటి ఎముక విరిగింది.

శస్త్రచికిత్స సక్రమంగానే జరిగింది. ఎముక అతికింది. మనిషి మాత్రం మంచం దిగలేదు. లేస్తే పడతానన్న భయం. మొదటి భయం నేను పెట్టినది, రెండవ భయం ఆ మొదటిదాని వల్ల పుట్టినది. వేసవిలో నడక మందంగా ఉండాలని నేను గురువుగారి ముందు వల్లించినవాణ్ణి. వైశాఖమాసంలో నడవమని పంపుతూ ఋతువు చెప్పలేదు, వేళ చెప్పలేదు, మాత్ర సంగతి అడగలేదు, కొలత చెప్పలేదు. చెప్పినదల్లా కాళ్ళు పోతాయని. అతివ్యాయామం చేసేవానికి వాగ్భటుడు ఏనుగును లాగబోయే సింహాన్ని ఉపమానంగా తెచ్చాడు. ఆ సింహాన్ని ఏనుగు మీదికి తోలినవాడి గురించి ఆయన వ్రాయలేదు గాని, అది నేనే.

ఆ తరువాత చాలా రాత్రులు నాకు గురుకులం జ్ఞాపకం వచ్చేది. మేము పదిమంది బాలురం. తెల్లవారకముందే లేచి నూతి నుంచి నీళ్ళు తోడి, గురువుగారి పెరడులోని ఉసిరి, వాము, వావిలి, తిప్పతీగెలకు పోయాలి. ఆపైన రోట్లో మూలికలు దంచాలి. చేతులు బొబ్బలెక్కేవి. చరకసంహిత సూత్రస్థానంలో వ్యాయామ ప్రకరణం పాఠం జరిగినరోజు మాలో ఒకడు ధైర్యం చేసి, "గురువుగారూ, రోజూ మేము చేస్తున్నది వ్యాయామమేనా?" అని అడిగాడు. ఆయన జవాబివ్వకుండా, వ్యాయామ లక్షణం చెప్పిన చోట ఉన్న ‘చేష్టా’ అనే పదాన్ని విడదీయమన్నారు. అందులో విడదీయడానికేముందని మేము ముఖముఖాలు చూసుకున్నాము. "చ, ఇష్టా అని విడదీయండి" అన్నారు. అప్పుడది ఒట్టి కదలిక కాదు, ఇష్టమైన కదలిక. "ఇష్టమైతే వ్యాయామం, కాకపోతే కూలి. మీరు చేస్తున్నది ఏదో మీరే తేల్చుకోండి" అని లేచి వెళ్ళిపోయారు.

పదహారేళ్ళ వయస్సులో మాకది చమత్కారంగా మాత్రమే తోచింది. ఆ మాటలో చికిత్స ఉన్నదని గ్రహించడానికి నాకు ఏభై ఏళ్ళు, ఒకరి తుంటి ఎముక కావలసివచ్చాయి.

ఇష్టమంటే కేవలం సరదా అనుకోరాదు. ఎవరో మన కోసం ఎదురుచూస్తున్నారన్నది ఇష్టమే. ఈ పని నేను చేయకపోతే ఆగిపోతుందన్నదీ ఇష్టమే. మా పేటలో జరిగినదే ఒకటి చెబుతాను. ఈ ప్రాంతంవారికి గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు సంగతి తెలియనిది కాదు. వేసవి వచ్చిందంటే మామిడి లారీలతో విజయవాడ రహదారి క్రిక్కిరిసేది. కొత్తపేట అంతా పండిన మామిడి వాసన. 2021లో ఆ మార్కెట్టును బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో ప్రభుత్వ పెద్దాసుపత్రి నిర్మాణానికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ట్రాఫిక్కు మాట, వ్యాపారుల మాట అందరూ మాట్లాడారు. ముసలివాళ్ళ కాళ్ళ మాట ఎవరూ తలచలేదు.

డెబ్భై నాలుగేళ్ళ తల్లి ఒకామె ఉండేవారు. మార్కెట్టు ఉన్నన్నాళ్ళూ రోజూ ప్రొద్దున్నే తన కాలనీ నుంచి నడిచివెళ్ళి, మార్కెట్టు బయట వరుసగా నిలిపే బండ్ల దగ్గర బేరమాడి, నాలుగు బత్తాయిలో, చిన్న బొప్పాయో పట్టుకుని ఇంటికి వెళ్ళేవారు. దారిలో నా వైద్యశాల. "డాక్టరుగారూ, నిన్నటి బత్తాయి పులుపండీ, బండివాడితో ఇవాళ తగవు" అని చెప్పి మరీ వెళ్ళేవారు. నడుస్తున్నానన్న ఎరుక కూడా ఆమెకు ఉండేది కాదు. మార్కెట్టు పోయింది. కుమారుడు ఫోనులో ఆర్డరు పెడితే పళ్ళు గుమ్మం దగ్గరకే రాసాగాయి. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆమె ఆటోలో నా దగ్గరకు వచ్చారు. మోకాళ్ళలో వాపు, ఆకలి మందగించింది, నిద్ర లేదు. నడవమంటే, "నడిచి ఎక్కడికి వెళ్ళను బాబూ? పనేముంది నాకు?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా అలమరలో మందు లేదు. వాపు తగ్గడానికి తైలం, కషాయం ఇచ్చాను. అసలు చికిత్స చేసింది ఆమె కోడలు. ఆకుకూరలు ఫోనులో తెప్పించడం మానివేసి, "అత్తయ్యా, నాకు లేతదేదో ముదిరినదేదో తెలియదు. నిన్న వచ్చిన తోటకూర పీచు. ఇకమీద మీరే చూసి తేవాలి" అన్నదట. వాపు తగ్గిన పదిరోజులకు ఆమె సంచీ పట్టుకుని కూరల బజారుకు బయలుదేరారు. మొదట వీధి చివర బండి దాకా, తరువాత ఇంకొంచెం దూరం. ఇప్పుడు గోంగూర ధర గురించి నాకు తెలియకపోయినా చెప్పి వెళుతున్నారు. ఆ కోడలికి ఆయుర్వేదం రాదు. ఇష్టమంటే ఏమిటో మాత్రం నాకన్నా ముందే తెలిసింది.

మధ్యతరగతి గృహస్థులు నా మాటకు కోపగించుకోకుండా ఒకటి ఆలోచించాలని కోరుతున్నాను. మన ఇళ్ళలో పెద్దల కాళ్ళు పడకేయడానికి సగం కారణం మన ప్రేమే. "మీరు కూర్చోండి నాన్నగారూ, నేను తెస్తాను." "అత్తయ్యా, మీరు లేవకండి." మంచినీళ్ళు చేతికి, పత్రిక చేతికి, కంచం చేతికి. ఇదంతా గౌరవమనే చేస్తున్నాము. కాని రోజుకు ఇరవైసార్లు కుర్చీలోంచి లేచే మనిషిని మూడుసార్లకు దించితే తొడల కండ ఆరు నెలలలో సన్నబడిపోతుంది. ఆపైన మరుగుదొడ్డిలో లేవలేక తూలిపడిన తరువాత, "వయస్సు కదా!" అంటాము. అలాగని పెద్దలను ఇంటి చాకిరీకి పెట్టమని నా భావం కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో పసిపిల్లలను రోజంతా మోస్తూ నడుములు విరిగిన అమ్మమ్మలు, నాయనమ్మలు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. అది మా గురువుగారి మాటలో కూలి. వారికి నచ్చిన పని, వారి శక్తిలో సగానికి సరిపడే పని, ‘ఇది మీరు చేస్తేనే బాగుంటుంది’ అని మనసారా అనగలిగిన పని ఒకటి ఇంట్లో వారికోసం విడిచిపెట్టాలి.

విదేశాలలో ఉన్న సంతానం గురించి కూడా ఒక మాట. రోజూ ఫోనులో "నాన్నా, ఇవాళ ఎన్ని అడుగులు నడిచావు?" అని అడుగుతారు. ఆయన జవాబు చెప్పలేక నొచ్చుకుంటాడు, లేదా అబద్ధం చెబుతాడు. మా పేటలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఫోనును చేత్తో ఊపి అడుగులు పెంచుతూ మనుమడికి దొరికిపోయాడు! దానికి బదులు "ఇవాళ ఎవరెవరిని కలిశావు నాన్నా?" అని అడిగి చూడండి. ఎవరినైనా కలవాలంటే గుమ్మం దాటక తప్పదు.

దుఃఖం వల్ల కాళ్ళు ఆగిపోయినవారి సంగతి వేరు. అది నాకు అనుభవం. 2023 మాఘమాసంలో నా భార్య కాలం చేసింది. అంతవరకు ప్రతి ఉదయం విక్టోరియా మెమోరియల్ హోం మైదానంలో నడిచేవాణ్ణి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంనాటి ఆ పాత భవనం, ఆ చెట్లు మా ప్రాంతానికి పెద్ద దిక్కు. ఈనాడు మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే. ఆమె పోయిన తరువాత అయిదు నెలలు నేను ఆ వైపు వెళ్ళలేదు. రోగులకు నడవమని చెబుతూనే ఉన్నాను. నేను మాత్రం వైద్యశాలలో కుర్చీ, ఇంట్లో మంచం. సర్వమూ తెలిసినవాణ్ణి కదా, అయినా మనసు రాలేదు.

ఒకనాడు తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. మైదానంలో రోజూ కలిసే ముగ్గురు మిత్రులు. పరామర్శ మాటలేవీ ఆడలేదు. "మీరు రాక మాకు కడుపుబ్బరానికి ఏం తినాలో చెప్పేవారు లేరు. చెప్పులు వేసుకోండి" అన్నారు. ఆ రోజు మైదానంలో సగం చుట్టు మాత్రం నడిచి బల్ల మీద కూర్చున్నాను. వాళ్ళూ కూర్చున్నారు. మరునాడు వాళ్ళు వస్తారని తెలుసు గనుక లేచాను. ఇదే గొప్ప చికిత్స అని నేననను. ఆ ముగ్గురు లేకపోతే నేనేమయ్యేవాణ్ణో అని మాత్రం అప్పుడప్పుడు అనుకుంటాను.

పంజాబులోని బియాస్ పిండ్ గ్రామానికి చెందిన ఫౌజాసింగ్ పేరు చాలామంది విని ఉంటారు. 1990ల ఆరంభంలో భార్యనూ, కొద్దికాలానికే కళ్ళెదుట కుమారుణ్ణీ పోగొట్టుకుని ఇంగ్లండు చేరిన ఆ రైతు, ఆ దుఃఖంలోంచి తేరుకోవడానికే పరుగు మొదలుపెట్టాడు. 2000లో 89వ ఏట లండన్ మారథాన్ పరుగెత్తాడు. 2011లో నూరేళ్ళవాడుగా టొరంటో మారథాన్ పూర్తిచేశాడు. పుట్టినతేదీ పత్రం లేదన్న వివాదం ఉన్నది, ఉండనివ్వండి. నన్ను ఆకర్షించినది ఆయన వయస్సు కాదు, ఆయన కారణం. గుండెకు మంచిదని పరుగెత్తినవాడు కాదు. 2025 జూలైలో స్వగ్రామం దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించాడు. మా విజయవాడ రహదారి దాటే ముసలివాళ్ళను చూసినప్పుడల్లా నాకది గుర్తుకు వస్తుంది. పెద్దలను నడవమనే సమాజం వారు నడవడానికి కాలిబాట కూడా ఇవ్వాలి. ఉన్న కాలిబాటల మీద మనం స్కూటర్లు నిలిపి, "మా నాన్నగారు బయటికి కదలరండీ" అనడం బాగుండదు.

ముసలితనంలో కండ పెరగదని, ఇక చేసి లాభం లేదని నమ్మేవారు అనేకులు. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక సంరక్షణాలయంలో ఉంటున్న, సగటున తొంభై ఏళ్ళ వయస్సున్న పదిమంది చేత ఎనిమిది వారాలు తొడల కండలకు బరువులతో కసరత్తు చేయించారు. శిక్షకులు ప్రక్కన ఉండి చేయించినది సుమా, ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు. పూర్తిచేసినవారి కండబలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ కండ కూడా అడిగితే పలుకుతుందన్నమాట. అదే దేశంలో ఒహాయో రాష్ట్రపు చిన్న పట్టణంలో, ఏభై దాటిన 660 మందిని వారి ముసలితనం గురించి వారేమనుకుంటున్నారో అడిగి, ఇరవై మూడేళ్ళ వరకు గమనిస్తూ వచ్చారు. వయస్సు పైబడటాన్ని మంచి మనస్సుతో తీసుకున్నవారు, ‘ఇంకేముంది’ అనుకున్నవారి కన్నా సగటున ఏడున్నర సంవత్సరాలు ఎక్కువ బ్రతికారని 2002లో ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచి మనస్సు ఉండటంలో వింతేముందని నాకూ అనుమానం కలిగింది. ఆరోగ్యస్థితిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలిచిందని వారు వ్రాశారు. ‘ఈ వయస్సులో నాకెందుకు?’ అన్న మాట మన ఇళ్ళలో రోజుకెన్నిసార్లు వినబడుతుందో లెక్కించి చూడండి.

ఇక ఆచరణ. అర్ధశక్తి అనే మాటను గట్టిగా పట్టుకోండి. నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ దగ్గర చెమట పొడమడం, నోరు ఎండటం మొదలుకావడం దానికి శాస్త్రం చెప్పిన గుర్తులు. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతున్నదంటే వేగం తగ్గించాలి. కొత్తగా మొదలుపెట్టేవారు అయిదు నిమిషాలు నడిచి, ఇంకా నడవాలనిపిస్తుండగానే ఆపివేయండి. ఈ చివరి మాటను చాలామంది పాటించరు. తృప్తిగా కడుపునిండా తిన్నవాడికన్నా, ఇంకొక ముద్ద తినవచ్చుననుకుని లేచినవాడికే మరునాటి ఆకలి బాగుంటుంది. నడకకూ అంతే. వారానికి ఒక్క నిమిషం చొప్పున పెంచినా చాలు. అరవై అయిదు దాటినవారికి వారానికి 150 నిమిషాలకు తక్కువ కాకుండా ఒక మోస్తరు శ్రమ, మూడురోజులైనా తూకం నిలిపే అభ్యాసం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది చేరవలసిన ఊరు. బయలుదేరిన రోజే చేరాలని ఎవరూ అనలేదు.

తూకం నిలపడమంటే కష్టమైనదేమీ కాదు. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కించేదాకా నిలబడండి, తరువాత రెండవకాలు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి. ఊతం లేనిదే లేవలేనివారు ఊతంతోనే మొదలుపెట్టండి. పప్పు ఉడికేలోగా ఇది అయిపోతుంది.

మోకాళ్ళు పట్టివేసినవారు నడకకు అరగంట ముందు నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మోకాళ్ళకు, పిక్కలకు, పాదాలకు మెల్లగా మర్దించి, వేడినీటిలో పిండిన గుడ్డతో కాపడం పెట్టుకోవాలి. అరికాలి జిడ్డు పూర్తిగా తుడిచి మరీ నేలమీద కాలు పెట్టాలి. నూనె కాలితో జారిపడి నన్ను తిట్టుకున్నవారున్నారు! వాపు, ఎరుపు, వేడి ఉన్న కీలుకు మర్దన పనికిరాదు. ముందు వైద్యునికి చూపించండి. చైత్ర వైశాఖ జ్యేష్ఠాలలో సూర్యోదయానికి ముందే నడక ముగించాలి, కొలత సగానికి తగ్గించాలి. హేమంత శిశిరాలలో పొగమంచు విడిచిన తరువాత బయలుదేరండి. భోజనం చేసిన వెంటనే వేగంగా నడవరాదు. మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఖాళీ కడుపుతో నడవరాదు. జేబులో చిన్న బెల్లంముక్క గాని చక్కెర గాని ఉంచుకోండి. నడిచేటప్పుడు రొమ్ము బరువెక్కినా, ఎడమచేతికి గాని దవడకు గాని నొప్పి ప్రాకినా, ఊపిరాడకపోయినా అక్కడే కూర్చుని ఆసుపత్రికి కబురు చేయాలి, కషాయాలతో కాలక్షేపం చేయరాదు. గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

మాస్టారి సంగతి చెప్పలేదు కదూ. ఆనాడు నేను ఆయనను, "మీకు ఏమంటే ఇష్టం?" అని అడిగాను. ఆలోచించారు, ఏమీ తోచలేదు. భార్య వెంటనే "వాదన" అన్నారు. నాకు మార్గం దొరికింది. విక్టోరియా మెమోరియల్ మైదానంలో ఒక వేపచెట్టు క్రింద ఉదయం ఆరున్నరకు అయిదారుగురు పెద్దలు చేరి లోకంలోని సమస్త విషయాల మీద తగవులాడుకుంటారు. అక్కడ సంస్కృతం వచ్చినవారెవరూ లేరు, ఎవరికి తోచిన అర్థం వారు చెబుతున్నారు, మీరు ఒకసారి వచ్చి సరిదిద్దాలని కోరాను. మరునాడే వచ్చారు. ఇంటి నుంచి ఆ చెట్టుకు పన్నెండు నిమిషాల నడక, తిరిగి పన్నెండు నిమిషాలు. మొన్న ఆయన భార్య కనబడి, "ఇప్పుడు తొమ్మిదైనా ఇంటికి రావడం లేదండీ" అని నా మీద ఫిర్యాదు చేశారు. కరివేపాకు మాత్రం ఇప్పటికీ మరచిపోతున్నారట.

తుంటి విరిగిన ఆయన వద్దకు ఏడాదిగా గురువారం మధ్యాహ్నాలు నేనే వెళుతున్నాను. మొదట కొన్ని వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆయనకు కోపం రావడం న్యాయమే. ఒకనాడు అలమర మీద పాత రేడియో కనబడింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రేడియోలు విప్పి బాగుచేయడం ఆయన సరదా అని కుమారుడు చెప్పాడు. దానిని దింపి, దుమ్ము తుడిచి, మంచానికి ఆరడుగుల దూరంలో కిటికీ గట్టు మీద పెట్టించాను. ఆయన అడిగినా ఇంట్లో ఎవరూ దానిని ముట్టరాదని మాట తీసుకున్నాను. ఆ గదిలో కటకటాలకు ఒక కొయ్య అడ్డకర్ర బిగించారు, పట్టుకోవడానికి. నెలరోజులు రేడియో మూగగానే ఉన్నది.

పోయిన గురువారం నేను మెట్లెక్కుతుండగానే పాత సినిమా పాట వినబడింది. గుమ్మంలో ఆగాను. ఆయన కిటికీ దగ్గర, కొయ్యను ఒకచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "మాట వినబడటం లేదు, ఉండండి డాక్టరుగారూ" అని రెండవచేత్తో తామే రేడియో ధ్వని తగ్గించారు.